టెన్షన్ అంతా అక్కకేనా?

2021 మే లాక్‌డౌన్ రోజుల్లో హైదరాబాద్ దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఒకావిడ రాశారు, వయసు 43, బ్యాంకులో ఉద్యోగం. కరోనా సెకండ్ వేవ్ మొదలైనప్పట్నుంచి నిద్ర లేదట. రాత్రి రెండింటికి గుండె దడతో లేచి ఆక్సీమీటర్ పెట్టుకుంటారట, 97 చూపించినా నమ్మకం కుదరక ఇంకో వేలికి పెట్టి చూస్తారట. నిద్ర పట్టడానికి మెడిటేషన్ యాప్ ఏది మంచిది అని అడిగారు.

ఏదో ఒకటి పెట్టుకోండమ్మా, ఫ్రీగా వచ్చేదే పెట్టుకోండి. దాని గురించి ఇంతకుమించి చెప్పను. దడ మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు, థైరాయిడ్, బీపీ ఒకసారి చూపించుకోండి, ఇప్పుడు డాక్టర్లు ఫోన్‌లో కూడా చూస్తున్నారు.

మీరు మూడు పేజీలు రాశారు, అందులో కరోనా గురించి అర పేజీ కూడా లేదు, మిగతాదంతా మీ తమ్ముడే. లాక్‌డౌన్ సడలింపు పొద్దున 6 నుంచి 10 దాకానే కాబట్టి ఆరింటికల్లా స్కూటీ తీసి మల్కాజ్‌గిరిలో అమ్మకి పాలు, కూరగాయలు, షుగర్ మందులు ఇచ్చేసి అటునుంచి అటే బ్యాంకుకి పరిగెత్తుతున్నారు, కొండాపూర్‌లో ఉన్న తమ్ముడేమో రాత్రి వీడియో కాల్ చేసి "అక్కా, అమ్మకి ఆక్సిజన్ సాచురేషన్ చూశావా, 94 కంటే తగ్గితే చెప్పు" అంటాడు. పైగా "నువ్వు దగ్గరున్నావ్ కాబట్టి నాకు టెన్షన్ లేదక్కా" అంటాడట. ఎందుకుంటుంది, అతని వాటా కూడా మీరే పడుతున్నారుగా!

వాడింట్లో చిన్నపిల్లలున్నారు, వాడికి రిస్కు ఎందుకు అని అమ్మ అన్నారట. నాకు నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. రోజంతా కౌంటర్లో కూర్చుని వచ్చినవాళ్లందరి చేతుల్లోంచి నోట్లు అందుకునేది మీరు. అతను గడప దాటకుండా వర్క్ ఫ్రమ్ హోమ్. 71 ఏళ్ల మనిషి దగ్గరికి ఈ ఇద్దరిలో ఎవరు వెళ్తే నయమో మీరే చెప్పండి.

అమ్మ ఉండే ఇల్లు తమ్ముడి పేరున రాసేశారని చివర్లో ఒక్క లైను రాసి కొట్టేశారు. కొట్టేసినా కనిపిస్తోందమ్మా. ఆస్తి తీసుకున్నవాడే చూడాలి అని నేను అనను, ఆ లెక్కకి దిగితే రేపు అమ్మ ఎవరికీ కాకుండా పోతుంది. కానీ అడక్కుండా అన్నీ చేసేసి రాత్రిళ్లు లోపల కుమిలిపోవడాన్ని బాధ్యత అని కూడా అనను. మీరు ఇంతవరకు అతన్ని నోరు తెరిచి ఒక్క పని అడిగినట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు, ఆడపిల్లలం మనకి అడగడం ఎవరూ నేర్పలేదనుకోండి, అది వేరే గొడవ.

ఈ ఆదివారమే ఫోన్ చేయండి, వీడియో వద్దు, ముఖం చూస్తే మీరు మెత్తబడిపోతారు. వచ్చే సోమవారం నుంచి వారం నీది, వారం నాది అని చెప్పండి, బతిమాలే గొంతుతో కాదు. అమ్మకి కోవిషీల్డ్ మొదటి డోసు మార్చిలో పడిందన్నారు, ఈ 2021 మేలో రెండోదానికి 12 నుంచి 16 వారాల గ్యాప్ అన్నారు కాబట్టి జూన్‌లో స్లాట్ చూసి తీసుకెళ్లే పని కూడా అతనిదే. ఓటీపీ మీ ఫోన్‌కి వస్తే నంబరు చెప్పండి చాలు, మీరే బుక్ చేసేయకండి.

ఆక్సీమీటర్ కూడా అమ్మ దగ్గరే పెట్టి వచ్చేయండి. మీ ఇంట్లో ఎవరికీ జ్వరం కూడా లేదు. అమ్మ వేలికి పెట్టి రీడింగ్ రాసే పని ఆ వారం తమ్ముడు చూసుకుంటాడు.