మోటారు తిరగగానే బోర్డు ఎందుకు ఆగుతోంది?

ప్రశ్న: మా బాల్కనీలోని కుండీలకు వాటంతట అవే నీళ్లు పడేలా ఈఎస్‌పీ32 బోర్డు (ప్రోగ్రాం రాసి నడిపే, వైఫై ఉన్న చిన్న కంట్రోలర్), తేమ సెన్సర్, రిలే (బోర్డు ఆజ్ఞతో పనిచేసే స్విచ్), 5 వోల్టుల చిన్న పంపుతో ఒక అమరిక చేశాను. అన్నింటికీ ల్యాప్‌టాప్ యూఎస్‌బీ నుంచే కరెంటు ఇస్తున్నాను. పంపు తిరగగానే బోర్డు రీస్టార్ట్ అవుతోంది. పాడైందనుకుని కోఠి గుజరాతీ గల్లీలో మరో బోర్డు కొన్నాను; దానిదీ అదే వరుస. ప్రోగ్రాంలో తప్పుందంటారా?
— ఇంజనీరింగ్ విద్యార్థిని, కూకట్‌పల్లి

జవాబు: ప్రోగ్రాంను కాసేపు పక్కన పెట్టండమ్మా. రెండు బోర్డులూ ఒకే క్షణంలో తడబడుతున్నాయంటే చూడవలసింది వాటికి అందుతున్న కరెంటును. ఈఎస్‌పీ32 వైఫై ద్వారా సమాచారం పంపే క్షణాల్లో కొన్ని వందల మిల్లీఆంపియర్లు లాగుతుంది. యూఎస్‌బీ 2.0 పోర్టు ప్రమాణం ప్రకారం ఇచ్చేది 500 మిల్లీఆంపియర్లు. ఆ పోర్టు మీదే మీరు పంపు భారాన్ని కూడా మోపారు. ఆగి ఉన్న మోటారు కదలడం మొదలుపెట్టేటప్పుడు, మామూలుగా తిరిగేటప్పటి కంటే కొన్ని రెట్లు ఎక్కువ కరెంటు తీసుకుంటుంది. బోరు మోటారు వేయగానే ఇంట్లో బల్బు ఒక్కసారి మసకబారడం మీరు చూసే ఉంటారు, ఇదీ అలాంటిదే. అలా వోల్టేజీ కుంగినప్పుడు చిప్‌లోని బ్రౌన్‌అవుట్ డిటెక్టర్ అనే కాపలా సర్క్యూట్ బోర్డును రీసెట్ చేస్తుంది. బోర్డు పంపే సందేశాలను ల్యాప్‌టాప్‌లో చూపే సీరియల్ మానిటర్ తెరిచి ఉంచి పంపు వేయండి. చాలాసార్లు ఆ పేరుతోనే సందేశం కనిపిస్తుంది.

ఇక్కడ మల్టీమీటరును కూడా పూర్తిగా నమ్మకూడదు. నాకు ఇదే చిక్కు ఎదురైనప్పుడు 5 వోల్టుల పిన్నుకూ గ్రౌండుకూ (నెగెటివ్ వైపు) ప్రోబులు ఆనించి చూస్తే, అంకెలు 4.9 దగ్గర కదలకుండా నిలిచాయి. సప్లై బాగానే ఉందనుకుని రెండు సాయంత్రాలు ప్రోగ్రాంలో తప్పు వెతికాను. మామూలు మల్టీమీటరు సెకనుకు రెండు మూడు సార్లే కొలత మారుస్తుంది కనుక, కొన్ని మిల్లీసెకన్లలో జరిగి ముగిసిపోయే కుంగుబాటు దానికి చిక్కదు. అందుకే కొలవడం మాని, పంపును విడదీసి చూడండి: పంపుకు వేరే 5 వోల్టుల అడాప్టరు పెట్టి, బోర్డును యూఎస్‌బీ మీదే ఉంచండి. రీస్టార్టులు ఆగిపోతే జబ్బు దొరికినట్టే. పంపును రిలే నడుపుతోంది కనుక ఆ రెండు సప్లైల గ్రౌండ్లను కలపనక్కరలేదు. రిలే బదులు ట్రాన్సిస్టరు గానీ మాస్‌ఫెట్ (ఒక రకం ట్రాన్సిస్టరు) గానీ వాడితే మాత్రం తప్పనిసరిగా కలపాలి.

అప్పటికీ అడపాదడపా ఆగుతుంటే అది మోటారు పుట్టించే విద్యుత్ రొద వల్ల కావచ్చు. పంపు రెండు తీగల మధ్య 104 అని ముద్రించి ఉండే సిరామిక్ కెపాసిటరును, దాని పక్కనే 1ఎన్4007 డయోడును, గీత ఉన్న కొస పాజిటివ్ వైపు ఉండేలా కలపండి. బోర్డు 5 వోల్టుల పిన్ను దగ్గర 470 మైక్రోఫారడ్ల ఎలక్ట్రోలిటిక్ కెపాసిటరు పెడితే చిన్న చిన్న కుంగుబాట్లను అది భరిస్తుంది. దాని ఒంటి మీద గీత ఉన్న వైపు కాలు నెగెటివ్ అని మరవకండి. ఈ మూడింటికీ అయ్యే ఖర్చు కొత్త బోర్డు ధరలో చాలా చిన్న భాగం.

ప్రశ్న: మా అబ్బాయి డ్రోన్ బ్యాటరీ, 3 సెల్స్ లిథియం పాలిమర్‌ది, పూర్తిగా ఛార్జి అయ్యాక మే నెలలో రెండు రోజులు స్కూటర్ డిక్కీలో ఉండిపోయింది. ఇప్పుడు దిండులా ఉబ్బింది. డ్రోన్ ఎగురుతూనే ఉంది. వాడుకోవచ్చా?
— ఒక తండ్రి, ఉప్పల్

జవాబు: వాడవద్దండీ, ఒక్కసారి కూడా ఛార్జింగ్‌కు పెట్టవద్దు. లోపలి ఎలక్ట్రోలైట్ విచ్ఛిన్నమై వాయువు చేరడం వల్ల ఆ ఉబ్బు వచ్చింది. నిండు ఛార్జి, ఎండ వేడి, ఈ రెండూ కలిస్తే ఆ విచ్ఛిన్నం వేగంగా సాగుతుంది. గాలి తీసేద్దామని సూదితో పొడిస్తే మంట అంటుకోవచ్చు. కనెక్టరుకు ఇన్సులేషన్ టేపు చుట్టి, ఇసుక పోసిన మట్టికుండలో ఉంచి, ఇంటి బయట నీడపట్టున పెట్టి, త్వరగా ఈ-వ్యర్థాల సేకరణ కేంద్రానికి అప్పగించండి. చెత్త ఆటోలో వేస్తే అది ఎక్కడో యంత్రం కింద నలిగి, ఆ పనిచేసే మనుషుల చేతుల్లో అంటుకోవచ్చు.

కొత్త బ్యాటరీ కొన్నాక అబ్బాయికి కొన్ని అంకెలు కంఠతా వచ్చేలా చెప్పండి. ఒక్కో సెల్ నిండితే 4.2 వోల్టులు. ఎగరేటప్పుడు 3.5కు వచ్చిందంటే దించేయాలి. రెండు మూడు రోజులు వాడకపోతే ఛార్జరులోని స్టోరేజ్ మోడ్‌తో 3.8 దగ్గర ఉంచాలి. మీ 3 సెల్స్ బ్యాటరీకి అది 11.4 వోల్టులు. దించిన వెంటనే వేడిగా ఉన్నప్పుడు ఛార్జి చేయకూడదు. ఛార్జి అవుతున్నంతసేపూ ఇంట్లో ఎవరో ఒకరు మెలకువగా, దగ్గరలో ఉండాలి.

ప్రశ్న: 250 గ్రాముల లోపు డ్రోన్‌కు అనుమతులేమీ అక్కరలేదంటున్నారు. మా మేడ మీద నుంచి ఎగరేయవచ్చా?
— ఒక పాఠకుడు, అల్వాల్

జవాబు: సగమే నిజం. 2021 డ్రోన్ నియమాల ప్రకారం 250 గ్రాముల వరకు ఉన్న నానో డ్రోన్‌కు రిమోట్ పైలట్ సర్టిఫికెట్ అవసరం లేదు. కానీ గగనతల మండలాలు బరువును బట్టి మారవు. మీకు హకీంపేట వైమానిక స్థావరం పక్కనే ఉంది, బేగంపేట విమానాశ్రయమూ దూరం కాదు. ప్రభుత్వ డ్రోన్ వెబ్‌సైట్ డిజిటల్ స్కైలోని పటంలో మీ ఇల్లు ఏ రంగులో ఉందో ఎగరేసే రోజున చూడండి: ఎరుపైతే కేంద్ర ప్రభుత్వ అనుమతి, పసుపైతే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ అనుమతి కావాలి. ఆకుపచ్చ అయినా సాధారణంగా 400 అడుగులే హద్దు; విమానాశ్రయం ప్రహరీకి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య అది 200 అడుగులు. ఈ సంగతి తేలేవరకు మేడ మీద మోటార్లను పరీక్షించుకోవచ్చు గానీ, బ్యాటరీ తగిలించే ముందు నాలుగు ప్రొపెల్లర్లూ విప్పి పక్కన పెట్టండి.