సుజ్లాన్: గాలిమర నుంచి అప్పుల దాకా

ప్రశ్న: జౌళి వ్యాపారి తులసి తంతి గాలిమరల్లోకి ఎందుకొచ్చారు? ఆయన పెట్టిన గాలిమరల కంపెనీ సుజ్లాన్ అంత ఎదిగీ అప్పుల్లో ఎలా పడింది?

జవాబు: సూరత్‌లోని ఆయన జౌళి పరిశ్రమకు కరెంటు ఖర్చు పెద్ద బెడద. సొంత వాడకానికి రెండు గాలిమరలు కొన్నారు. 1995లో సుజ్లాన్ పెట్టి, జర్మనీకి చెందిన స్యూడ్‌విండ్ నుంచి సాంకేతికత తెచ్చుకున్నారు. అసలు తెలివంతా అమ్మే పద్ధతిలోనే ఉంది. గాలి కొలత, స్థలం, పునాది, గ్రిడ్ లైను, ఆనక మరమ్మతు అన్నీ కంపెనీయే చూసుకునేది. కొన్నవారికి మర తరుగుదలను ఖర్చుగా చూపి పన్ను తగ్గించుకునే వీలు కూడా ఉండేది.

దెబ్బ అప్పుతోనే మొదలైంది. 2006లో బెల్జియం గేరుబాక్సుల సంస్థ హాన్సెన్‌ను, 2007లో జర్మనీ గాలిమరల సంస్థ రీపవర్‌ను అప్పు చేసి కొన్నారు. రీపవర్‌లో మైనారిటీ వాటాదారులు (చిన్న వాటాలున్నవారు) మిగిలి ఉన్నంతకాలం దాని నగదును సుజ్లాన్ ఇష్టానుసారం వాడుకోలేకపోయింది. వడ్డీ మాత్రం ఆగదుగా! 2008లో అమెరికాలో సుజ్లాన్ ఎస్-88 రకం మరల రెక్కలకు పగుళ్లొచ్చాయి. బాగుచేసే ఖర్చు మీదపడింది. మాంద్యంతో ఆర్డర్లూ తగ్గాయి. 2012లో విదేశీ బాండ్ల (రుణపత్రాల) బాకీ తీర్చలేకపోయింది. 2015లో రీపవర్‌ను (అప్పటికి పేరు సెన్వియన్) అమ్మేసింది. తంతి 2022 అక్టోబరు 1న కన్నుమూశారు.

ప్రశ్న: గాలి కాస్త తగ్గితే గాలిమర కొన్నవారికి పెద్ద నష్టమా?

జవాబు: అవును. గాలిలోని శక్తి వేగం ఘనాన్ని (వేగం × వేగం × వేగం) బట్టి మారుతుంది. సెకనుకు 7 మీటర్లు అనుకున్నచోట 6 మీటర్లే వీస్తే, శక్తి దాదాపు 37 శాతం తగ్గుతుంది. అందుకే మర ఇరుసు ఎత్తులో కనీసం ఏడాది కొలతలు చూడనిదే డబ్బు పెట్టకండి.