ఫొటోలు లేని రోజుల్లో వృక్షశాస్త్రవేత్తలు దూరదేశాలకు మొక్కలు ఎలా పంపుకునేవాళ్లు? దారిలో పాడయ్యేవి కావా?

చాలా పాడయ్యేవి. నేను కాలేజీలో బోటనీ చెబుతాను. పేరు తేలని మొక్కల్ని ఎండబెట్టి పెద్ద హెర్బేరియాలకు, అంటే ఎండిన మొక్కల్ని భద్రపరిచే సంస్థలకు, పోస్టులో పంపుతుంటాను. వానాకాలంలో ప్రెస్‌లో (మొక్కల్ని కాగితాల మధ్య అదిమి ఎండబెట్టే చట్రంలో) పేపర్లు రోజూ మార్చకపోతే ఆకులు నల్లబడి బూజు పడతాయి. గంగపావిలి లాంటి రసం ఉన్న మొక్కయితే ప్రెస్‌లోనే చిగురేస్తుంది, ముందు వేడినీళ్లలో ముంచాల్సిందే.

అప్పట్లో ఇండియా నుంచి యూరప్‌కు ఓడలో నెలల ప్రయాణం. ఎండిన మొక్క ఎలాగో చేరేది, విత్తనాలతోనే టెన్షన్. తేమకు కుళ్లేవి, లేదా ఎలుకలు తినేసేవి. వాటిని తేనెమైనంలో పొదిగి పంపే పద్ధతి మీద లండన్‌లో ప్రకృతి శాస్త్రవేత్త జాన్ ఎల్లిస్ ప్రయోగాలు చేసి, 1770లో సూచనల పుస్తకమే వేశాడు.

అసలు కీలకం నంబరు. ఫిలడెల్ఫియా దగ్గర ఉండే రైతు జాన్ బార్‌ట్రమ్ ఒకే మొక్క నమూనాలు రెండింటికి ఒకే నంబరు వేసి, ఒకటి దగ్గర ఉంచుకుని రెండోది లండన్ బట్టల వ్యాపారి పీటర్ కాలిన్సన్‌కు పంపేవాడు. నంబర్ల వారీగా పేర్లు ఉత్తరంలో వచ్చేవి. మేం ఇప్పటికీ చేసేది ఇదే.

బదులుగా ఏం దక్కేది? పుస్తకాలు, విత్తనాలు, ఒక్కోసారి మొక్కకు పెట్టిన పేరు. మొక్కలకు రెండు పదాల శాస్త్రనామాల పద్ధతి తెచ్చిన స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ శిష్యుడు కోనిగ్ 1768లో వైద్యుడిగా తమిళనాడు తీరంలోని తరంగంబాడి వచ్చి, ఇక్కడి మొక్కలు గురువుకు పంపాడు. కరివేపాకు శాస్త్రనామంలో 'కోనిగీ' ఆయన పేరే. 1785లో ఆయన కాకినాడ జగన్నాథపురంలో చనిపోయాడు. చివరి రోజుల్లో వైద్యం చేసింది సామర్లకోటలో ఉండే డాక్టరు, వృక్షశాస్త్రవేత్త రాక్స్‌బర్గ్. కోనిగ్ కాగితాలు ఆయన కోరిక ప్రకారం లండన్‌లో వృక్షశాస్త్రవేత్త జోసెఫ్ బ్యాంక్స్‌కు చేరాయి.

రాక్స్‌బర్గ్ కూడా మొక్కల బొమ్మలు గీయించి లండన్‌కు పంపాడు. వచ్చిన సుమారు 500 బొమ్మల్లోంచి బ్యాంక్స్ ఎంపిక చేసిన 300, 1795 నుంచి 1820 దాకా మూడు సంపుటాలుగా అచ్చయ్యాయి. వాటిలో మన తెలుగు పేర్లు ఉన్నాయి. కానీ ఆ బొమ్మలు గీసిన ఇక్కడి చిత్రకారుల పేర్లు లేవు, అది నన్ను చాలా బాధపెడుతుంది. అందుకే ఎండిన మొక్కలు అతికించే మా షీట్ల లేబుళ్ల మీద మొక్క చూపించిన ఊరివాళ్ల పేర్లూ, వాళ్లు ఒప్పుకుంటే, రాయిస్తాను.

లిన్నేయస్ హెర్బేరియం షీట్లు, ఆయనకు వచ్చిన ఉత్తరాలు స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టారు. కోనిగ్ పేరుతో వెతకడం మొదలుపెట్టండి.