పది రోజులు ల్యాండ్‌స్కేప్ ఫొటోల కోసమే మారిషస్ వెళ్లవచ్చా?

సెలవు మొత్తం ఫొటోలకే కేటాయించి పది రోజులు మారిషస్ వెళ్తే ఖర్చుకు తగిన ఫలితం ఉంటుందా అని అడిగారు. ఒక జూన్‌లో నేను ఇదే పని మీద తొమ్మిది రోజులు అక్కడ ఉన్నాను. వెళ్లండి, కానీ అయిదారు రోజులు చాలు. బస మాత్రం నైరుతి మూలలో చూసుకోండి.

ఈ చివరి మాట అనుభవంతో చెబుతున్నాను. మొదటి మూడు రోజులు ఉత్తర తీరంలో ఉండి నష్టపోయాను. మారిషస్ చుట్టూ దాదాపు అంతటా పగడపు దిబ్బ ఉంది. అలలు దూరంగా ఆ దిబ్బ మీదే విరిగిపోతాయి. ఒడ్డుకు వచ్చేసరికి నీళ్లు చెరువులా ఉంటాయి. ఈత కొట్టేవారికి అంతకన్నా ఏం కావాలి? కెమెరాకు మాత్రం కింద ఇసుక, మధ్యలో నీలం, పైన ఆకాశం, పక్కన సరుగుడు చెట్లు. మూడు రోజుల ఫొటోలూ ఒకే ఫొటోకు నకళ్లలా వచ్చాయి. అందుకే ఇప్పుడు ఏ ఉష్ణమండల దీవికి వెళ్లాలనుకున్నా మంచి బీచ్‌ల జాబితా చూడను. ఉపగ్రహ చిత్రంలో దిబ్బ వెంట కనిపించే తెల్లటి నురగ గీత ఎక్కడ తెగిందో వెతుకుతాను. సముద్రం నేలను తాకేది అక్కడే.

మారిషస్‌లో ఆ గీత దక్షిణాన సుయాక్ దగ్గర, గ్రి గ్రి అనే చోట తెగుతుంది. అలలు నేరుగా వచ్చి నల్లటి బసాల్ట్ కొండచరియలను కొడతాయి. కాస్త నడిస్తే ఒక రాతి మొన వస్తుంది. అల వెనక్కి తగ్గాక రాతి ముఖం మీదుగా నీళ్లు ధారలుగా జారుతాయి కాబట్టి దాన్ని ‘ఏడ్చే రాయి’ అంటారు. అర సెకను షట్టర్‌తో ఆ ధారలు దారాల్లా వచ్చాయి. అక్కడికి మూడుసార్లు వెళ్లాను, మళ్లీ వెళ్లాలనే ఉంది. ఆగ్నేయం నుంచి వీచే గాలి ఉప్పు తుంపరను తెచ్చి లెన్స్ మీద చల్లుతూనే ఉంటుంది. పొడి గుడ్డతో తుడిస్తే ఉప్పు గీతలు పడతాయి. ముందు మంచినీళ్లతో తడిపిన మెత్తని గుడ్డ వాడండి.

అక్కడ నేను చేసిన పొరపాటు దిక్కుల విషయంలో. దక్షిణ తీరం కదా, సాయంత్రం సముద్రం మీద వెలుగు పక్క నుంచి పడుతుందనుకున్నాను. మారిషస్ దక్షిణార్ధగోళంలో సుమారు 20 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. జూన్‌లో అక్కడ సూర్యుడు ఉత్తరపు ఆకాశంలో తిరిగి వాయవ్యం వైపు వాలిపోతాడు. నా వీపు వెనుక, నేల మీద అస్తమించాడు. అలాగని జూన్ చెడ్డ నెల కాదు, నా దృష్టిలో అదే మంచి కాలం. మధ్యాహ్నం కూడా సూర్యుడు సుమారు 47 డిగ్రీల ఎత్తు దాటడు కాబట్టి నీడలు మిగులుతాయి. డిసెంబరులో దాదాపు నడినెత్తిన ఉంటాడు. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా తుపానుల భయం కూడా ఉంది.

అస్తమయానికి ల మోర్న్ బ్రాబాన్ దగ్గరికి వెళ్లండి. 556 మీటర్ల ఆ కొండ సముద్రపు ఒడ్డునే నిలువుగా లేస్తుంది. జూన్ సాయంత్రాల్లో పడమటి తీరంలో నిలబడితే సముద్రం మీది సూర్యుడు కొండ ముఖాన్ని ఎర్రగా వెలిగిస్తాడు. తర్వాత అరగంట తిరగకముందే చీకటి పడుతుంది. కాబట్టి ట్రైపాడ్ నిలిపే చోటు వెలుతురు ఉండగానే చూసి పెట్టుకోవాలి. అదే కొండ పక్కన రాత్రి పాలపుంత నడిమి భాగాన్ని కూడా తీశాను. అర్ధరాత్రికి అది నడినెత్తికి చేరి ఫ్రేములో ఇమడదు. రాత్రి తొలి జాములో ఆగ్నేయం నుంచి పైకి వస్తుండగానే తీయాలి.

షమరెల్ దగ్గర రంగురంగుల మట్టి గుట్టలున్న చోటు నాకు నచ్చలేదు. గేటు తెరిచేసరికే మంచి వెలుగు పోతుంది, పైగా కంచె ఇవతలే నిలబడాలి. ల మోర్న్ దగ్గర ‘సముద్రం అడుగున జలపాతం’ ఉన్నట్టు చూపే ఫొటో చూసి టికెట్టు కొనకండి. అది ఇసుక, మెత్తటి మట్టి కలిసి కలిగించే భ్రమ, ఆకాశం నుంచి చూస్తేనే తెలుస్తుంది. బ్లాక్ రివర్ గోర్జెస్ లోయలు మాత్రం తెల్లవారుజామున బాగుంటాయి.

మారిషస్‌లో అన్నిటికన్నా ఎత్తైన కొండ 828 మీటర్లే. పది రోజులు నిండాలంటే అంతకన్నా ఎత్తు, లోతు ఉన్న నేల కావాలి. నేనే మళ్లీ వెళ్తే అయిదు రోజులు ఇక్కడ గడిపి, మిగిలిన అయిదు రోజులకు పక్కనున్న రీయూనియన్ దీవికి విమానం ఎక్కుతాను. అక్కడ 3,070 మీటర్ల పర్వతం, సజీవ అగ్నిపర్వతం, కాలినడకన గానీ హెలికాప్టర్‌లో గానీ తప్ప చేరలేని మఫాత్ లోయ ఉన్నాయి. అది ఫ్రాన్స్ భూభాగం, కాబట్టి వీసా సంగతి ముందే చూసుకోండి. లోయల మీదికి మబ్బులు తరచు ఉదయమే కమ్మేస్తాయి, అందుకే చూసే చోటికి సూర్యోదయానికి ముందే చేరుకోవాలి.