ఎనిమిదేళ్ల పాపకి ముందు పళ్ల మధ్య సందు ఉంది. క్లిప్పులు పెట్టించాలా?

ఒక్క సందు చూసి టెన్షన్ పడకండి. ఈ వయసులో పై ముందు పళ్లు ఎడంగా, కాస్త విచ్చుకున్నట్టు రావడం మామూలే. పదకొండు, పన్నెండేళ్లకి కోరపళ్లు దిగుతూ వాటిని దగ్గరికి నెడతాయి. చాలామందిలో ఆ సందు దానంతటదే పూడిపోతుంది.

చూడాల్సింది పళ్లు కలిసే తీరు. పాపని వెనక పళ్లు ఆనేలా కొరకమనండి. కింది పళ్లు పై పళ్ల కన్నా ముందుకొచ్చినా, దవడ ఒక పక్కకి జరిగినా ఆలస్యం చేయకండి. ఎదిగే వయసులో దవడని సరిచేయడం తేలిక. ఎత్తుపళ్లయితే పడినప్పుడు విరిగే ప్రమాదం ఎక్కువ. ఇంకా బొటనవేలు చీకుతున్నా, నోటితో గాలి పీలుస్తున్నా, పాలపళ్లు పుచ్చి ముందే ఊడినా డాక్టరుకి చెప్పండి.

అమెరికా ఆర్థోడాంటిస్టుల (పళ్ల వరస, దవడ సరిచేసే డాక్టర్ల) సంఘం ఏడేళ్లకల్లా ఒకసారి చూపించమంటుంది. చూపించడమంటే క్లిప్పులు వేయించడం కాదు (కొందరు ఈ భయంతోనే వెళ్లరు). ఎక్కువమందికి క్లిప్పులు వేసేది శాశ్వత దంతాలు దాదాపు అన్నీ వచ్చాకే, అంటే 11–14 ఏళ్ల మధ్య. మామూలు డెంటిస్టు కన్నా ఆర్థోడాంటిస్టుకే చూపించండి.