ఐదేళ్ళ పాపని కేథలిక్ ప్రైమరీ స్కూల్లో వేయాలా?

ఒక అమ్మగారు రాశారు. పాపకి ఐదేళ్ళు నిండాయి, దగ్గర్లో ఉన్న కేథలిక్ ప్రైమరీ స్కూల్లో సీటు వచ్చేలా ఉంది, వీళ్ళు క్రైస్తవులు కారు. ప్రేయర్లతోనే టైమంతా పోయి లెక్కలు, సైన్సులో వెనకబడితే రేపు పెద్ద చదువులకి ఇబ్బంది అని వాళ్ళాయన భయం, పిల్లని మతం మార్చేస్తారేమో అని అత్తగారి భయం, తెలిసినవాళ్ళేమో డిసిప్లిన్ బాగుంటుంది కళ్ళు మూసుకుని వేసేయండి అంటున్నారట. ఏం చేయమంటారు అని అడిగారు.

అమ్మా, పెద్ద చదువుల గురించి అడిగారు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతా. నా దగ్గరికి వచ్చే పదిహేను, పదహారేళ్ళ పిల్లల్లో చాలామందికి ఫార్ములాలు బాగానే వచ్చు, కానీ నాలుగు లైన్ల లెక్క ఇస్తే అది చదివి అసలు ఏం అడిగారో పట్టుకోలేరు, పోనీ అర్థం కాలేదు అని టీచర్ని అడుగుతారా అంటే అదీ అడగలేరు. ఆరేడేళ్ళప్పుడు కుదురుకోవాల్సిన అలవాట్లు ఇవి, తర్వాత ఏ కోచింగ్‌లో వేసినా తేవడం చాలా కష్టం. అందుకే ఏ స్కూల్ గురించి అడిగినా నేను ముందు చూసేది ఒకటే, పిల్లకి చదవడం ఎలా నేర్పుతున్నారు, నోరు విప్పనిస్తున్నారా లేదా.

సిలబస్ సంగతి తొందరగా చెప్పేస్తా. లెక్కలు, సైన్సు, భాషలు ఎక్కువ చోట్ల ఆ దేశం ప్రభుత్వమో బోర్డో పెట్టిన సిలబస్సే, కేథలిక్ లెక్కలు అని వేరే ఏమీ ఉండవు. అదనంగా ఉండేది మతం పీరియడ్, పొద్దున సాయంత్రం ప్రార్థన. ఆ మతం పీరియడ్‌కి ఎంత టైమ్ అనేది దేశాన్ని బట్టి మారుతుంది, ఇంగ్లండ్‌లో అయితే కేథలిక్ బిషప్పులు బోధన సమయంలో 10 శాతం ఇవ్వాలని పెట్టారు, అంటే వారానికి ఇరవై ఐదు గంటల చదువుంటే రెండున్నర గంటలు. మీ స్కూల్లో ఎంతో టైమ్‌టేబుల్ అడిగితే ఇస్తారు. సైన్సు గురించి మీవారికి బెంగ అక్కర్లేదని చెప్పండి, బఠాణీ మొక్కలతో వారసత్వ సూత్రాలు కనిపెట్టిన మెండెల్ కేథలిక్ మఠంలో ఉన్న సన్యాసి, విశ్వం విస్తరిస్తోందని 1927లో పేపర్ రాసిన లెమైత్ర్ కేథలిక్ ఫాదరే. ఇంకో మాట, కేథలిక్ స్కూల్లో చదువు స్థాయి ఆ ప్రాంతంలోని మిగతా స్కూళ్ళకి ఏమాత్రం తగ్గకూడదని 1983 నాటి చర్చి చట్టంలోనే 806వ నిబంధన ఉంది. కాబట్టి చదువు ఎలా ఉంది అని మీరు గట్టిగా అడిగితే తప్పేం లేదు, వాళ్ళ చట్టం వాళ్ళని అడిగేదే మీరూ అడుగుతున్నారు.

చదవడం నేర్పే విషయంలో ఈ స్కూళ్ళకి మంచి వారసత్వం ఉంది, చాలామందికి తెలియదు. ఫ్రాన్స్‌లో 1680లలో జాన్ బాప్టిస్ట్ డి లా సాల్ అనే ఫాదర్ పేదపిల్లల కోసం బళ్ళు పెట్టినప్పుడు, అప్పట్లో చదవడం లాటిన్‌తో మొదలుపెట్టే ఆనవాయితీని పక్కనపెట్టి, పిల్లలు ఇంట్లో మాట్లాడే ఫ్రెంచ్‌తోనే చదవడం నేర్పించాడు. దయచేసి ఇది గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే కాన్వెంట్‌లో సీటు రాగానే ఇంట్లో తెలుగు ఆపేసి పిల్లతో వచ్చీరాని ఇంగ్లీషు మాట్లాడే అమ్మానాన్నల్ని నేను చాలామందిని చూశా, పిల్ల రెండు భాషల్లోనూ తడబడుతుంది. రాత్రి కథ తెలుగులోనే చెప్పండి.

ఇప్పుడు అత్తగారి భయం. దాన్ని చాదస్తం అని కొట్టిపారేయకండి, పెద్దావిడకి మనవరాలి మీద ఉన్న బెంగే అది. ఎవరినీ బలవంతంగా విశ్వాసంలోకి తేకూడదని 1965లో రెండో వాటికన్ కౌన్సిల్, అంటే ప్రపంచంలోని కేథలిక్ బిషప్పులంతా కూర్చున్న సభ, రాతపూర్వకంగా చెప్పింది, పిల్లలకి మొదటి గురువులు తల్లిదండ్రులే అన్న మాట కూడా అదే ఏడాది అదే కౌన్సిల్ విద్య మీద ఇచ్చిన పత్రంలో ఉంది. అయితే రాసి ఉన్నది వేరు, మీ స్కూల్లో జరిగేది వేరు కావచ్చు కాబట్టి ప్రిన్సిపాల్ సిస్టర్‌ని సూటిగానే అడగండి, సత్యోపదేశం క్లాసు, అంటే వాళ్ళ మతబోధ క్లాసు, కేథలిక్ పిల్లలకి మాత్రమేనా అందరికీనా, మాలాంటి పిల్లలు ఆ టైములో ఎక్కడ కూర్చుంటారు, ఏం చేస్తారు అని. నిజానికి నేను ఎక్కువ చూసిన ఇబ్బంది మతమార్పిడి కాదు, వేరే ఉంది. ఏడు ఎనిమిదేళ్ళ వయసులో కేథలిక్ పిల్లలు మొదటి దివ్యసత్ప్రసాదానికి, అంటే చర్చి పూజలో ఇచ్చే పవిత్రమైన అప్పాన్ని మొదటిసారి తీసుకునే వేడుకకి, తయారవుతారు, తెల్లబట్టలు, పాటల ప్రాక్టీసు, క్లాసంతా అదే హడావిడి, మిగతా పిల్లలకేమో నన్నెందుకు పిలవలేదు అని మనసు చిన్నబోతుంది. మంచి టీచర్ అయితే వాళ్ళకీ ఏదో పని అప్పజెప్పి కలుపుకుంటుంది, ఆ ఏడాది ఏం చేస్తారో ఇప్పుడే కనుక్కోండి.

ప్రార్థన పద్ధతిలో నాకు బాగా నచ్చినది కూడా ఒకటి చెప్పాలి. ఒకసారి ఒక స్కూల్లో రెండో తరగతి చివరి పీరియడ్‌లో వెనక కూర్చున్నా. టీచర్ పిల్లల్ని కళ్ళు మూసుకోమని మెల్లగా రెండు ప్రశ్నలు అడిగింది, ఇవాళ నీకు ఎవరు సాయం చేశారు, నువ్వు ఎవరినైనా బాధపెట్టావా అని. ఒక నిమిషం క్లాసులో చప్పుడు లేదు. ఆ తర్వాత ఒక బుడ్డోడు జేబులోంచి సగం అరిగిన రబ్బరు తీసి ముందు బెంచీ అమ్మాయి పుస్తకం మీద పెట్టి గబగబా వచ్చి కూర్చున్నాడు. టీచర్ చూసింది, ఏమీ అనలేదు. జెసూట్లు అనే కేథలిక్ ఫాదర్ల సంఘం సంప్రదాయంలో రోజు చివర చేసుకునే ఆత్మపరిశీలనే పిల్లల స్థాయికి తెచ్చారన్నమాట, దేవుడి పేరు తీసేసినా ఏ ఇంటి పిల్లకైనా పనికొస్తుంది.

డిసిప్లిన్ అనే మాట దగ్గర మాత్రం జాగ్రత్త. నేను చదివిన బడిలో హోంవర్క్ తేలేదని ఎండలో మోకాళ్ళ మీద నిలబెట్టేవాళ్ళు, దాన్నే డిసిప్లిన్ అనేవాళ్ళు, నాకు చాలా ఏళ్ళు చెయ్యెత్తి డౌట్ అడగాలంటే గుండె దడదడలాడేది. ఇటలీలోని టూరిన్‌లో వీధిపిల్లల్ని చేరదీసి చదువు చెప్పించిన డాన్ బోస్కో అనే కేథలిక్ ఫాదర్ 1877లో తన పద్ధతి గురించి రాసినప్పుడు శిక్ష కంటే ముందు పిల్లల మధ్యలో పెద్దవాళ్ళు ఉండాలన్నాడు, హేతువు, మతం, ప్రేమ ఈ మూడింటి మీద నడిపించమన్నాడు. కొట్టి భయపెట్టే కేథలిక్ స్కూల్ ఉందంటే అది సొంత గురువు మాటే వినట్లేదు.

పేరు మీద నమ్మకంతో మాత్రం వేయకండమ్మా, ఇప్పుడు చాలా చోట్ల ఫాదర్లు, సిస్టర్లు తగ్గిపోయి క్లాసుల్లో పాఠం చెప్పేది ఎక్కువగా మామూలు టీచర్లే, ప్రిన్సిపాల్ మారితే స్కూలే మారిపోతుంది. ఫీజు కట్టే ముందు ఒక మామూలు రోజున, ఫంక్షన్ రోజున కాదు, పాపని తీసుకుని వెళ్ళండి. ఇంటర్వెల్ టైములో టీచర్లు స్టాఫ్ రూమ్‌లో ఉన్నారా గ్రౌండ్‌లో పిల్లల మధ్య ఉన్నారా చూడండి. ఒకటో తరగతి నోటుబుక్ ఒకటి చూపించమనండి, పేజీలన్నీ బోర్డు మీద నుంచి ఎక్కించినవేనా లేక పిల్ల సొంతంగా రాసిన తప్పుల తడక వాక్యాలు కూడా ఉన్నాయా, ఆ తప్పుల వాక్యాలుంటే నాకు సంతోషం. అత్తగారిని కూడా వెంట తీసుకెళ్ళి ఆవిడ అడగాలనుకున్నది సిస్టర్‌ని నేరుగా ఆవిడనే అడగనివ్వండి. చూసొచ్చాక రాయండి, నోటుబుక్‌లో ఏం కనిపించిందో కూడా చెప్పండి.