స్వయం కోర్సులో ఎన్‌రోల్‌మెంట్ వేరు, పరీక్ష రిజిస్ట్రేషన్ వేరు

ఒంగోలులో డిగ్రీ చదువుతున్న మీ అమ్మాయి కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక అయిన స్వయం పోర్టల్‌లో 12 వారాల ఎన్‌పీటెల్ (ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి నడిపే ఆన్‌లైన్ పాఠాల కార్యక్రమం) కోర్సులో చేరిందనీ, అక్కడ కనిపించే ఎన్‌రోల్, ప్రోక్టర్డ్ ఎగ్జామ్, క్రెడిట్ వంటి మాటలు ఇంట్లో ఎవరికీ బోధపడటం లేదనీ రాశారు. నేను కావలిలో డిగ్రీ విద్యార్థులకు పాఠాలు చెబుతూ, ఈ కోర్సుల్లో చేరినవారికి మెంటర్‌గా కూడా ఉంటున్నాను కనుక, మా పిల్లలు ఎక్కువగా తడబడే చోటు నుంచే మొదలుపెడతాను.

ఎన్‌రోల్ కావడం, అంటే కోర్సులో పేరు నమోదు చేసుకోవడం, ఉచితం. దానితో వీడియో పాఠాలు చూడవచ్చు, అసైన్‌మెంట్లు రాయవచ్చు, ఫోరంలో సందేహాలు అడగవచ్చు. సర్టిఫికెట్ కావాలంటే మాత్రం, కోర్సు నడుస్తుండగా వెలువడే ప్రకటన చూసుకొని, వేరే ఫారం నింపి, కోర్సుకు 1000 రూపాయల చొప్పున ఫీజు కట్టి, పరీక్ష రాసే ఊరిని ఎంచుకోవాలి. ఉదయగిరి వైపు నుంచి వచ్చే ఒక విద్యార్థిని అసైన్‌మెంట్లన్నీ శ్రద్ధగా పూర్తిచేసి, హాల్ టికెట్ ఎప్పుడొస్తుందని నన్ను అడిగే నాటికి ఆ ఫారం గడువు దాటిపోయింది. ఎన్‌రోల్ అయినప్పుడు వచ్చిన మెయిల్‌నే ఆమె పరీక్ష రసీదుగా భావించింది.

ఇక మార్కులు. అసైన్‌మెంట్లకు 25, చివరి పరీక్షకు 75. మీ అమ్మాయి చేరిన 12 వారాల కోర్సులో బాగా వచ్చిన 8 అసైన్‌మెంట్ల సగటును లెక్కలోకి తీసుకుంటారు. సర్టిఫికెట్ రావాలంటే 25కు కనీసం 10, 75కు కనీసం 30 విడివిడిగా రావాలి. పరీక్షలో 60 తెచ్చుకున్నా అసైన్‌మెంట్లలో 8 మాత్రమే ఉంటే, మొత్తం 68 అయినప్పటికీ సర్టిఫికెట్ రాదు. వారం వారం వచ్చే అసైన్‌మెంటుకు గడువు సాధారణంగా బుధవారం రాత్రి 11:59. గడువు లోపల ఎన్నిసార్లయినా మార్చి సమర్పించవచ్చు, చివరిదానినే దిద్దుతారు. కాబట్టి మంగళవారం నాటికే ఒకసారి పంపి ఉంచడం మేలు. బుధవారం రాత్రి కరెంటూ నెట్టూ కూడబలుక్కొని పోవడం మా వైపు వింతేమీ కాదు.

ప్రోక్టర్డ్ అంటే పర్యవేక్షణలో జరిగేది అని అర్థం. కొన్ని ప్రైవేటు సంస్థలు విద్యార్థిని ఇంట్లోనే కూర్చోబెట్టి, కెమెరా ద్వారా గమనిస్తూ పరీక్ష పెడతాయి. ఎన్‌పీటెల్ పద్ధతి అది కాదు. మీ అమ్మాయి హాల్ టికెట్టు, ఒరిజినల్ గుర్తింపు కార్డు తీసుకొని కేంద్రానికి వెళ్లి, అక్కడి కంప్యూటరుపై రాయాలి. ఆన్‌లైన్ కోర్సు కనుక పరీక్ష కూడా ఇంట్లోనే అనుకొని ప్రయాణానికి సిద్ధపడని తల్లిదండ్రులను నేను చూశాను.

క్రెడిట్ అంటే డిగ్రీ పూర్తికి లెక్కలోకి తీసుకొనే పాయింటు. ఆ విషయంలో తొందరపడవద్దు. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2021 నిబంధనల ప్రకారం ఒక సెమిస్టరులోని కోర్సుల్లో 40 శాతం వరకు స్వయం ద్వారా చదవడానికి విశ్వవిద్యాలయాలు అనుమతించవచ్చు. అయితే ఏ కోర్సును దేనికి బదులుగా ఒప్పుకుంటారో తేల్చవలసింది విశ్వవిద్యాలయమూ కళాశాలే. అందువల్ల ఫీజు కట్టకముందే కళాశాలలో ఎస్‌పీఓసీగా, అంటే ఈ కోర్సుల వ్యవహారాలు చూసే ప్రతినిధిగా, వ్యవహరించే అధ్యాపకుణ్ణి కలిసి, ఆ కోర్సు పేరు చూపించి, సాధ్యమైతే రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి.

ఆన్‌లైన్ చదువులో వినిపించే మరో రెండు మాటలు: సింక్రనస్ అంటే అందరూ ఒకే వేళకు హాజరయ్యే లైవ్ తరగతి, అసింక్రనస్ అంటే వీలున్నప్పుడు చూసుకొనే రికార్డు పాఠం. చివరిగా, పరీక్ష ఫారంలో పేరు పదో తరగతి మెమోలో ఉన్నట్లే, ఇంటిపేరుతో సహా సరిచూసి ఇవ్వమనండి. ఫారంలో ఎలా రాస్తే సర్టిఫికెట్‌పై అలాగే ముద్రిస్తారు.